21వ శతాబ్దం మొదలైంది 2000లోనా, 2001లోనా? మాక్ టెస్ట్‌లో ఈ బిట్ దగ్గర ఆగిపోయా

గ్రూప్2_ప్రిపరేషన్
అందరికీ నమస్తే. నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో ఒక మాక్ టెస్ట్ రాశా, మెంటల్ ఎబిలిటీలో క్యాలెండర్ చాప్టర్ నుంచి బిట్ వచ్చింది, 21వ శతాబ్దంలో మొదటి రోజు ఏ వారం అని. ఆప్షన్లలో శనివారం ఉంది, సోమవారం కూడా ఉంది. నేను 1 జనవరి 2000 అనుకుని ఇంకో ఆలోచన లేకుండా శనివారం పెట్టేశా. కీలో సోమవారం ఇచ్చారు. నెగెటివ్ మార్కుతో కలిపి పోయింది. మార్కు సంగతి అలా ఉంచండి, నాకు అసలు అర్థం కాలేదు. 2000 రాగానే కదా ప్రపంచం మొత్తం పండగ చేసుకుంది. మా అన్నయ్య ఆ ఏడాది మార్చిలో పుట్టాడు, ఇంట్లో ఇప్పటికీ వాడిని కొత్త శతాబ్దం పిల్లాడు అనే అంటారు. మరి 2001 ఎలా అయింది? అబ్జెక్షన్ పెట్టొచ్చా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

లెక్కలమాస్టారు
కీ కరెక్టే అమ్మా, అబ్జెక్షన్ పెట్టకు. 34 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, 1999 చివర్లో నా పదో తరగతి పిల్లలు రోజూ ఇదే అడిగేవాళ్ళు. వాళ్ళకి చెప్పిందే నీకూ చెప్తా. బ్యాంకులో నోట్ల కట్ట చూశావు కదా, కట్టకి 100 నోట్లు. మొదటి కట్టలో 1వ నోటు నుంచి 100వ నోటు దాకా. 101వ నోటు రెండో కట్టలో పైన ఉంటుంది. అలా లెక్కపెట్టుకుంటూ పోతే 2000వ నోటు ఎక్కడ? 20వ కట్టలో అట్టడుగున. దాన్ని లాగి 21వ కట్టలో పెట్టావంటే 20వ కట్టకి 99 నోట్లే మిగుల్తాయి, ఏ క్యాషియరూ ఒప్పుకోడు. క్రీస్తు శకంలో 0 అనే సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 అయిపోయిన మర్నాడే క్రీ.శ. 1. కాబట్టి మొదటి శతాబ్దం 1 నుంచి 100 వరకు, ఇరవయ్యోది 1901 నుంచి 2000 వరకు, ఇరవై ఒకటోది 2001 నుంచి 2100 వరకు.

నీ చాప్టర్ మొత్తం దీనిమీదే నిలబడి ఉంది. 100 ఏళ్ళకి 5 ఆడ్ డేస్ (పూర్తి వారాలు తీసేశాక మిగిలే రోజులు), 200కి 3, 300కి 1, 400కి 0 అని బట్టీ పట్టారు కదా, దాన్నించే వచ్చింది శతాబ్దం చివరి రోజు శుక్ర, బుధ, సోమ, ఆదివారాల్లోనే పడుతుందనే రూలు. చివరి రోజు అంటే అక్కడ 100వ సంవత్సరం డిసెంబర్ 31 అనే అర్థం. 31 డిసెంబర్ 2000 ఆదివారం, మర్నాడు 1 జనవరి 2001 సోమవారం. అంతే.

చేతక్_బండి
మాస్టారూ, గౌరవంగానే మీతో ఒప్పుకోలేకపోతున్నా. నా చిన్నప్పుడు మా నాన్నగారి స్కూటర్ మీటర్ 99999 దగ్గరకి వచ్చింది. ఆయన వారం ముందునుంచీ చెప్తూ ఉన్నారు, ఆ రోజు బండి బాగా స్లో చేసి నన్ను ముందు నిలబెట్టుకుని చూడరా చూడరా అన్నారు, అయిదు తొమ్మిదులూ ఒకేసారి కదిలి సున్నాలు పైకి లేచాయి, ఆయన అక్కడే చెట్టుకింద బండి ఆపి మీటర్ అద్దం జేబురుమాలుతో తుడిచారు. ఇంకో కిలోమీటర్ పోయి 00001 పడ్డాక ఆపలేదు కదండీ. మనిషికి తెలిసేది ఆ తిరగడమే. నిన్నటిదాకా పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది అని అంత పొడుగున పలికినవాళ్ళం ఒక్క రాత్రిలో రెండువేలు అన్నాం. చెక్కు మీద, స్కూల్ నోట్స్ మీద, పెళ్ళి శుభలేఖ మీద అన్నీ మారిపోయాయి. 2000 నుంచి 2001కి చివరి ఒక్క అంకె మారింది, ప్రతి ఏడాదీ అది మారేదే. శతాబ్దం అనేది జనం పెట్టుకున్న గుర్తు, జనం ఎక్కడ గుర్తు పెట్టుకున్నారో అదే దాని మొదలు అని నా గట్టి అభిప్రాయం.

గోదారి_గట్టు
మీ నాన్నగారి మీటర్ సంగతి చదువుతుంటే కళ్ళకి కట్టినట్టు ఉందండీ, కానీ ఒక చిన్న తేడా ఉంది గమనించండి. బండి మీటర్ సున్నా దగ్గర మొదలవుతుంది. 1 పడిందంటే ఒక కిలోమీటర్ అయిపోయిందని. సంవత్సరం అలా కాదు కదండీ, క్రీ.శ. 1 అన్నప్పుడు ఒక్క రోజు కూడా గడవకపోవచ్చు, అది ఒకటో సంవత్సరం, ఇంకా నడుస్తోంది అని. మీటర్ చెప్పేది అయిపోయినవి, క్యాలెండర్ చెప్పేది నడుస్తున్నది.

మా తాతగారు కళ్ళంలో ధాన్యం కొలిపించేటప్పుడు నేను పక్కన కూచునేవాడిని. కొలిచే ఆయన మొదటి కుంచం పోస్తూ ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఏడు దగ్గరకి వచ్చేసరికి ఆ మాట కూడా అనడు, ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొకటి అంటాడు. చిన్నప్పుడు నాకు డౌటు, లాభం అంటే సున్నానేమో, లెక్కలోకి రాదేమో అని. తాతగారిని అడిగితే నవ్వి, లాభం తర్వాత ఒకటి అన్నాడా రెండు అన్నాడా అని నన్నే తిరిగి అడిగారు. రెండు అన్నాడంటే ముందుది ఒకటే. పేరు మార్చినా కుంచం కుంచమే. వంద కుంచాలు అయ్యాయంటే ఆ లాభంతో కలిపే అవుతాయి.

చరిత్ర_విద్యార్థి
ఆ సున్నా ఎందుకు లేదో చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన టాపిక్. క్రీ.శ. 525లో రోమ్‌లో డయోనిసియస్ ఎగ్జిగ్యుయస్ అనే సన్యాసి ఈస్టర్ ఏ తేదీన వస్తుందో పట్టికలు తయారుచేస్తున్నాడు. అప్పటిదాకా ఆ పట్టికల్లో డయోక్లీషియన్ చక్రవర్తి పేరుమీద శకం వాడేవాళ్ళు, ఆయన క్రైస్తవుల్ని హింసించినవాడు, అలాంటివాడి పేరు ఈస్టర్ పట్టికలో ఎందుకని క్రీస్తు అవతరించిన ఏడాది నుంచి లెక్క మార్చాడు. పాత లెక్కలో 247 తర్వాత కొత్త పట్టిక 532తో మొదలవుతుంది. రోమన్ అంకెల్లో సున్నాకి గుర్తే లేదు, వాళ్ళకి మొదటిది అంటే ఒకటే. సున్నాని కూడా ఒక సంఖ్యగా తీసుకుని కూడితే ఎంత, తీసేస్తే ఎంత అని బ్రహ్మగుప్తుడు నియమాలు రాసింది 628లో, అంటే డయోనిసియస్ తర్వాత వందేళ్ళకి పైనే.

ఇంకో విషయం కూడా ఉంది. హేరోదు రాజు బతికుండగా యేసు పుట్టాడని మత్తయి సువార్త చెప్తుంది, హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. అలా చూస్తే యేసు పుట్టి 2000 ఏళ్ళు అయిన రోజు 1999 కంటే ముందే, ఎవరికీ తెలియకుండా గడిచిపోయింది. డయోనిసియస్ వేసిన లెక్కనే ప్రమాణంగా తీసుకోవాలి, వేరే దారి లేదు.

నైట్‌షిఫ్ట్_న్యూజెర్సీ
చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నా, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. 1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని అదే ఏడాది చివర్లో అమెరికా వచ్చినవాడిని, మా బ్యాచ్‌లో సగం మందికి పైగా అలా వచ్చినవాళ్ళమే, వైటూకే మాకు అన్నం పెట్టింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండు అంకెలే ఉండేవి. 1965లో పుట్టినవాడి వయసు కావాలంటే 99లోంచి 65 తీసేసి 34 అనేది. 00 రాగానే 00లోంచి 65 తీసేస్తే ఏమవుతుంది, మైనస్ 65. ఇంకా పుట్టని మనిషికి పెన్షన్ ఎలా లెక్క కడుతుంది. అన్ని చోట్లా నాలుగు అంకెలు చేసే టైం లేదు, అందుకని 00 నుంచి 49 వరకు వస్తే ముందు 20 పెట్టుకో, 50 నుంచి 99 వస్తే 19 పెట్టుకో అని కండిషన్ రాసేవాళ్ళం, ఒక్కో ప్రోగ్రాంలో అలాంటివి వందల చోట్ల.

31 డిసెంబర్ 1999 శుక్రవారం. మా క్లయింట్ ఆఫీసులో ఏడుగురం ఉన్నాం, అందులో నలుగురం తెలుగువాళ్ళం. టేబుల్ మీద చల్లారిపోయిన పిజ్జా, ఎవరూ ముట్టుకోలేదు. పన్నెండు దాటాక మొదటి బ్యాచ్ జాబ్ రన్ అయింది, నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు, ఒక్కో లైను వస్తుంటే మా లీడ్ పెన్సిల్‌తో ప్రింటవుట్ మీద టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఆఖరి టిక్కు పడ్డాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, అన్నం తిన్నావా అంది, నాకు గొంతు పూడుకుపోయింది. పని అక్కడితో అయిపోలేదు, ఫిబ్రవరి 29కి మళ్ళీ డ్యూటీ వేశారు. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 మాత్రం 400తో భాగించబడుతుంది కాబట్టి లీపు, అది కొన్ని ప్రోగ్రాములకి తెలియదు. మాస్టారి లెక్క నేను కాదనను. కానీ 2000 నుంచి 2001కి మారిన రాత్రి నేను హాయిగా నిద్రపోయా. మా పనికి సంబంధించినంతవరకు గీత పడింది 2000 దగ్గరే.

పాలమూరు_పిలగాడు
అన్నలూ అక్కలూ, మీరు శతాబ్దం గురించి మాట్లాడుతున్నరు, మా ఇంట్ల ఇదే పంచాయితీ నడుస్తున్నది, నిజంగ. మా నాయనమ్మ అక్షయ నామ సంవత్సరం కార్తీకంల పుట్టింది, అంటే 1926. ఆధార్‌ల మాత్రం 01-01-1926 అని పడ్డది, అది ఒదిలేయుండ్రి. ఈ 2025 కార్తీకానికి 99 నిండి వందో ఏడు పడ్తది. మా బాపు ఏమంటడంటే వందో ఏడు పడంగనే ఊరందరిని పిలిచి అన్నం పెడ్దాం, అవ్వ పానం ఎప్పుడెట్ల ఉంటదో, కండ్లతోటి చూడాలె గదా అంటడు. మా పెద్దనాయన ఒప్పుకుంటలేడు, నిండకముందే నూరేండ్ల పండుగ ఏంది, వచ్చే ఏడు కార్తీకంల నిండినంకనే చేద్దాం అంటడు. దానికి తోడు మా మేనత్త, నూరేండ్లు నిండినయ్ అనే మాటనే మంచిది కాదు, ఆ మాట ఎత్తకుండ్రి అని ఏడుస్తది. ఇద్దరు అన్నదమ్ములు పది రోజుల నుంచి మాట్లాడుకుంటలేరు. ఎవరిది కరెక్టో జర చెప్పుండ్రి.

పంచాంగం_శర్మ
నాయనా, ముందు మీ నాయనమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మీ నాన్నగారూ పెదనాన్నగారూ ఇద్దరూ తప్పు మాట్లాడటం లేదు. మన పెద్దవాళ్ళు ఈ రెంటినీ విడివిడిగానే చూశారు, విడివిడిగా పేర్లు కూడా పెట్టారు. అరవయ్యో ఏడు పడేటప్పుడు చేసేది ఉగ్రరథ శాంతి. అరవై నిండి అరవై ఒకటిలో అడుగు పెట్టేటప్పుడు చేసేది షష్టిపూర్తి. పూర్తి అనే మాటలోనే నిండడం ఉంది. పుట్టిన సంవత్సరం పేరే మళ్ళీ తిరిగి వచ్చేది అప్పుడే, మీ నాయనమ్మగారికి 1986లో అక్షయ తిరిగి వచ్చింది. మన మాటల్లో కూడా చూడు, ఐదో ఏట బడిలో వేశాం అంటే నాలుగు నిండాయని, ఐదేళ్ళు నిండాక వేశాం అంటే వేరే. సహస్ర చంద్ర దర్శనం దగ్గరా ఇలాగే తేడా వస్తుంది, ఏడాదికి 12 పున్నములే అని కడితే 83 ఏళ్ళ 4 నెలలు, అధిక మాసాలు కూడా కలిపితే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలకే వెయ్యి పున్నములు అయిపోతాయి.

ఇక శతాబ్దం మాట. ఎవరింట్లోనైనా 2025-26 విశ్వావసు నామ సంవత్సర పంచాంగం ఉంటే మొదటి పేజీ తీసి చూడండి. కలి గతాబ్దాలు 5126, శాలివాహన శక గతాబ్దాలు 1947 అని ఉంటుంది. గతాబ్దం అంటే గడిచిపోయిన ఏడు. విశ్వావసులో నడిచేది శకంలో 1948వ సంవత్సరం, కానీ మనం 1947 అనే చెప్తాం. అంటే మన పంచాంగం లెక్క బండి మీటర్ లాంటిదే. క్రీ.శ. 78 ఉగాది నుంచి 79 ఉగాది వరకు ఈ లెక్కలో శకం 0. కాబట్టి 1978లో కాళయుక్తి ఉగాది నాడు శకం 1900 అని రాసుకున్నారంటే నిజంగానే 1900 ఏళ్ళు పూర్తిగా గడిచాయి, కొత్త నూరు ఆ రోజే మొదలైంది. సున్నాలున్న ఏడాదితోనే. అలాగే 1899 ఉగాదికి కలిలో 5000 ఏళ్ళు నిండాయి.

చేతక్_బండి
శర్మగారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. అంటే మా నాన్నగారి మీటర్ లెక్క మన పంచాంగంలో ఎప్పటినుంచో ఉందన్నమాట! నాకు చాలా సంతోషంగా ఉంది. మాస్టారూ మీరేమంటారు?

లెక్కలమాస్టారు
శర్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం, నాకూ ఇంత స్పష్టంగా తట్టలేదు, కృతజ్ఞతలు. గతాబ్దం వాడినప్పుడు సున్నాల ఏడాదితోనే కొత్త నూరు మొదలవుతుంది, అక్కడ నీ మాటే గెలిచింది. కానీ క్రీస్తు శకం గతాబ్దం కాదు, నడుస్తున్న ఏడు. అక్కడ నా మాట మార్చుకోను. ఖగోళ శాస్త్రజ్ఞులకి ఇది పెద్ద ఇబ్బంది అయింది, క్రీ.పూ. నుంచి క్రీ.శ. లోకి గ్రహణాలు లెక్క కట్టాలంటే మధ్యలో సున్నా లేకపోతే ప్రతిసారీ ఒకటి తేడా వస్తుంది. 1740లో జాక్ కసీని తన పట్టికల్లో క్రీ.పూ. 1ని 0 చేసేశాడు. వాళ్ళ లెక్కలో కలియుగం మొదలైన క్రీ.పూ. 3102 అంటే మైనస్ 3101. 2025కి 3101 కలిపి చూడండి, శర్మగారు చెప్పిన 5126 వస్తుంది. క్రీ.పూ. 3102 అనే పెట్టుకుని కూడితే 5127 వచ్చి తికమక పడతారు.

గోదారి_గట్టు
మా రాజమండ్రి సంగతి ఒకటి చెప్తానండి. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శక వర్షం 944లో, దానికి 78 కలిపితే 1022. అక్కడినుంచి వెయ్యేళ్ళు నిండింది 2022లో, దీంట్లో ఎవరికీ గొడవ లేదు. ఎందుకంటే అది ఒక రోజు జరిగిన సంగతి, ఆ రోజునుంచి ఎంత గడిచిందో కొలుస్తున్నాం. వార్షికోత్సవాలకి ఎప్పుడూ సున్నా ఉంటుంది. పేరుకి సంవత్సరం అంకె వేసుకుంటూ వెళ్ళినప్పుడే ఈ తగువంతా.

శాసనాలు చదివేవాళ్ళు కూడా శక వర్షంబులు ఇన్ని అగునేఁటి అని కనిపిస్తే గడిచినవా, నడుస్తున్నదా అని తిథి, వారం, గ్రహణం పట్టుకుని సరిచూసుకుంటారు, ఒక్క ఏడాది తేడా వస్తే రాజులే మారిపోతారు కదండీ.

చరిత్ర_విద్యార్థి
ఈ తగువు మనది ఒక్కరిదే కాదు, ఇంతకుముందు కూడా జరిగింది. 1900 వచ్చినప్పుడు జర్మనీలో కైజర్ రెండో విల్‌హెల్మ్ 1 జనవరి 1900 నుంచే కొత్త శతాబ్దం అని ప్రకటించి చేయించాడు. బ్రిటన్‌లో, అమెరికాలో మాత్రం 1 జనవరి 1901నే పాటించారు. ఆస్ట్రేలియాలో ఆరు కాలనీలు కలిసి ఒక్క దేశంగా ఏర్పడిన రోజు కూడా ఆ 1 జనవరి 1901నే. విక్టోరియా మహారాణి అదే నెల 22న చనిపోయింది, కాబట్టి ఆమె ఇరవయ్యో శతాబ్దాన్ని మూడు వారాలే చూసింది. జర్మనీ లెక్కలో అయితే ఏడాది పైన.

2000కి వచ్చేసరికి అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వాళ్ళు మూడో సహస్రాబ్దం 2001లోనే అని స్పష్టంగా చెప్పారు, అయినా ఎవరూ ఆగలేదు. పసిఫిక్‌లో కిరిబాటి దేశం 1995లోనే డేట్ లైన్‌ని, అంటే తేదీ మారే గీతని, తన ద్వీపాల అవతలికి జరుపుకుంది, తర్వాత అక్కడ కరోలిన్ ద్వీపానికి మిలీనియం ద్వీపం అని పేరు కూడా పెట్టుకుంది, 2000 సూర్యోదయం ముందు అక్కడే అని. క్యూబా మాత్రం ఆగి 2001కి చేసుకుంది. నాకు బాగా నచ్చింది వాటికన్ పద్ధతి, రెండో జాన్ పాల్ పోప్ 24 డిసెంబర్ 1999న పవిత్ర ద్వారం తెరిచి 6 జనవరి 2001న మూశారు, మధ్యలో రెండు జనవరి ఒకట్లూ పడ్డాయి.

గ్రూప్2_ప్రిపరేషన్
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఒక్క బిట్ కోసం అడిగితే ఇంత తెలిసింది. అబ్జెక్షన్ పెట్టడం లేదు, కానీ టెస్ట్ పెట్టినవాళ్ళకి మెయిల్ రాశా, ప్రశ్నలో క్రీ.శ. అని, 1 నుంచి లెక్కించినప్పుడు అని చేరిస్తే నాలాంటివాళ్ళకి ఇంకా స్పష్టంగా ఉంటుందని. మాస్టారూ ఒక్క డౌటు, 2020ల దశాబ్దం కూడా ఇలాగేనా, 2021 నుంచా?

లెక్కలమాస్టారు
203వ దశాబ్దం అని అడిగితే 2021 నుంచి 2030. ఇరవైల దశకం అని అడిగితే 2020 నుంచి 2029, పేరులోనే ఇరవై ఉంది కాబట్టి. ప్రశ్నలో ఏ మాట వాడారో రెండుసార్లు చదివి అప్పుడు బబుల్ నింపు. ఆల్ ది బెస్ట్ అమ్మా.

పాలమూరు_పిలగాడు
శర్మగారూ, మీ పోస్టు ప్రింట్ తీస్కపోయి బాపుకు, పెద్దనాయనకు ఇద్దరికీ కూసోబెట్టి చదివి వినిపించిన. ఉగ్రరథ శాంతి, షష్టిపూర్తి రెండు వేరు వేరు అన్న కాడ పెద్దనాయన ఇంకోసారి చదువు అన్నడు. చదివిన. కొద్దిసేపు ఎవరు మాట్లాడలేదు, తర్వాత ఆయననే లేసి బాపుకు తంబాకు డబ్బా అందిచ్చిండు. ఈ కార్తీకంల వందో ఏడు పడ్డనాడు ఇంట్లనే సత్యనారాయణ వ్రతం, బిడ్డలు అల్లుండ్లు మనుమలు మాత్రమే. వచ్చే కార్తీకంల నిండినంక ఊరికంత అన్నాలు. మేనత్త కూడ సరే అన్నది, కాకపోతే పత్రికల నూరేండ్లు నిండినయ్ అని రాయొద్దట, నూటొకటిల అడుగు పెడుతున్నది అని రాయాల్నట. నాయనమ్మ వ్రతానికి పచ్చంచు తెల్లచీర కావాలన్నది, రేపు గద్వాల పోతున్న.